ప్రభుత్వ ఆఫీసు గేటు దగ్గర ఆపేస్తే ఏం చేయాలి?

పాసుపుస్తకం పని మీద తహసీల్దార్ ఆఫీసుకు వెళ్తారు. ఆగిపోయిన పెన్షన్ గురించి అడగడానికి మున్సిపల్ ఆఫీసుకో, ఎంపీడీఓ ఆఫీసుకో వెళ్తారు. లోపల అధికారి ఏమంటారన్నది తర్వాతి సంగతి, గేటు దగ్గరే "సార్ బిజీ, రేపు రా" అంటారు. రెండు బస్సులు మారి, ఆ రోజు కూలి పోగొట్టుకుని వచ్చిన మనిషికి "రేపు" అంటే ఇంకో కూలి పోయినట్టే. చాలామంది అక్కడి నుంచే వెనక్కి తిరుగుతారు. కొందరు గొడవపడి కేసుల్లో ఇరుక్కుంటారు. ఈ రెండూ అక్కర్లేదు.

ఒక్క విషయం గట్టిగా పట్టుకోండి. మిమ్మల్ని ఆఫీసులోకి రానివ్వాలా వద్దా అన్నది సెక్యూరిటీ అతని సొంత నిర్ణయం కాదు. ఆఫీసులోకి ఎవరు, ఎప్పుడు, ఎలా రావాలో నిర్ణయించేది ఆఫీసు హెడ్. గేటు దగ్గరున్న మనిషి ఆయన తరఫున మాట చెప్తున్నాడంతే. కాబట్టి మీ పనల్లా "వద్దు" అన్న మాటకు ఒక అధికారి పేరు, ఒక కారణం, ఒక తేదీ రాబట్టడం. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఆఫీసులను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. చట్టాలు మాత్రం దాదాపు అన్నీ దేశమంతా వర్తించేవే.

మొదటి అడుగు: ఆపింది ఎవరో చూడండి

ఖాకీ, నీలం, బూడిద రంగు, ఏ యూనిఫాం చూసినా మనకు పోలీసే గుర్తొస్తాడు. కానీ వాళ్ళ అధికారాలు ఒక్కటి కావు.

ఎక్కువ ఆఫీసుల్లో, ప్రభుత్వ ఆసుపత్రుల్లో గేటు దగ్గర ఉండేది ప్రైవేటు ఏజెన్సీ నుంచి అవుట్‌సోర్సింగ్ మీద వచ్చిన గార్డు. అతనికి వర్తించేది 2005లో వచ్చిన ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల నియంత్రణ చట్టం. ఆ చట్టం ఏజెన్సీకి లైసెన్సు ఉండాలంటుంది, గార్డుకు ఫొటో గుర్తింపు కార్డు ఇవ్వాలంటుంది. పోలీసు అధికారం మాత్రం అతనికి ఇవ్వదు. పోలీసులాగో సైనికుడిలాగో కనిపించే యూనిఫాం వేసుకుంటే గార్డుతో పాటు ఏజెన్సీ యజమానికీ ఏడాది వరకు జైలు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడొచ్చు. 2006లో కేంద్రం ఇచ్చిన నమూనా నిబంధనల్లో గార్డుకు 100 గంటల క్లాసు, 60 గంటల ఫీల్డు ట్రైనింగ్ ఉండాలని రాశారు. జనంతో ఎలా నడుచుకోవాలన్నది కూడా ఆ సిలబస్‌లో ఒక పాఠం. ఏ ఏజెన్సీయో తెలిసేలా చేతికి బ్యాడ్జి, జేబులో నోట్‌బుక్, పెన్ను ఉండాలని కూడా అవే నిబంధనలు చెప్తాయి. ముందు ఆ బ్యాడ్జి చూడండి. ఏజెన్సీ పేరు గుర్తుపెట్టుకోండి.

ఈ గార్డు ఏం చేయగలడు? పేరు, పని అడగొచ్చు. రిజిస్టర్‌లో రాయించొచ్చు. బ్యాగు చూపించమనొచ్చు, చూపించకపోతే లోపలికి పంపననొచ్చు. ఆఫీసు హెడ్ చెప్పినట్టు మిమ్మల్ని ఆగమనొచ్చు, బయటికి వెళ్ళమనొచ్చు. బలవంతంగా జేబులు వెతకడం, ఫోన్ లాక్కోవడం, అందులో వీడియో చెరిపేయడం, గదిలో పెట్టి తాళం వేయడం, చెయ్యి చేసుకోవడం మాత్రం కుదరదు. అరెస్టు విషయంలో మామూలు పౌరుడికి ఎంత అధికారం ఉందో అతనికీ అంతే. పాత సీఆర్పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 40వ సెక్షన్ ప్రకారం, కళ్ళ ముందే స్టేషన్ బెయిల్ దొరకని, వారంట్ లేకుండా పోలీసులు పట్టుకోగల నేరం జరిగితే ఎవరైనా ఆ మనిషిని పట్టుకోవచ్చు. అలా పట్టుకున్నాక అనవసరంగా ఆలస్యం చేయకుండా, ఎంత లేదన్నా 6 గంటల లోపు పోలీసులకు అప్పగించాలి. గొంతు పెంచి మాట్లాడటం ఆ కోవలోకి రాదు.

సచివాలయం లాంటి పెద్ద చోట్ల ఉండే స్పెషల్ ప్రొటెక్షన్ ఫోర్స్, అంటే ఎస్పీఎఫ్, వేరు. అది 1991 నాటి రాష్ట్ర చట్టంతో ఏర్పడిన ప్రభుత్వ దళం. కేంద్ర సంస్థల దగ్గర కనిపించే సీఐఎస్ఎఫ్‌కు, అంటే కేంద్ర పారిశ్రామిక భద్రతా దళానికి, 1968 చట్టం ఉంది, కొన్ని సందర్భాల్లో వారంట్ లేకుండా అరెస్టు చేసే అధికారమూ ఉంది. జనం అర్జీలు తీసుకునే సోమవారం గ్రీవెన్స్ నాడు కలెక్టరేట్ గేటు దగ్గర స్థానిక పోలీసులే నిలబడతారు. వీళ్ళతో వాదన ఇంకా జాగ్రత్తగా చేయాలి. ఎందుకో కింద చెప్తాను.

డఫేదారు, అటెండర్ సంగతి కూడా చెప్పాలి. గేటు దాటాక అధికారి గది తలుపు దగ్గర ఆపేది చాలాసార్లు వీళ్ళే. వీళ్ళకు ఏ చట్టమూ ప్రత్యేక అధికారం ఇవ్వలేదు, లోపలున్న అధికారి చెప్పింది చేయడమే వాళ్ళ పని.

రెండో అడుగు: మీరు వెళ్ళేది ఏ చోటికో తేల్చుకోండి

ఆఫీసంతా ఒకటే కాదు. అర్జీలు, ఉత్తరాలు తీసుకునే తపాల్ సెక్షన్, సేవా కౌంటర్లు, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు హాలు, ఆసుపత్రి ఓపీ, ఇవి జనం కోసమే ఉన్న చోట్లు. ఆఫీసు వేళల్లో అక్కడికి రావద్దనాలంటే గట్టి కారణం ఉండాలి. అధికారి గదికి మాత్రం వేళలు పెట్టుకోవచ్చు. చాలా ఆఫీసుల్లో సందర్శకుల సమయం మధ్యాహ్నం 3 నుంచి 5 అని బోర్డు ఉంటుంది. ఆ బోర్డు ముందే ఫొటో తీసి పెట్టుకోండి. ఇక రికార్డు రూం, ట్రెజరీ స్ట్రాంగ్ రూం, సర్వర్ గది లాంటి వాటి దగ్గర ఆపితే తప్పు పట్టలేం. రికార్డు చూడాలంటే దానికి సమాచార హక్కు దారి వేరే ఉంది.

కోర్టు సంగతి ప్రత్యేకం. క్రిమినల్ కోర్టు అంటే బహిరంగ కోర్టు, చోటు ఉన్నంత వరకు ఎవరైనా వచ్చి కూర్చోవచ్చని సురక్షా సంహిత 366వ సెక్షన్ చెప్తుంది. ఫలానా మనిషి ఉండకూడదని ఆదేశించే అధికారం జడ్జిగారిది. అత్యాచారం లాంటి కేసుల విచారణ తలుపులు మూసి జరుగుతుంది. అవి కాని కేసుల్లో కోర్టు హాలు తలుపు దగ్గర కానిస్టేబుల్ ఆపితే "జడ్జిగారి ఆర్డరా అండీ?" అని మెల్లగా అడగండి. హాలు నిండిపోయి ఆపితే బయట ఆగండి.

ఆసుపత్రి ఎమర్జెన్సీకి ఇవేవీ అడ్డం కావు. ప్రాణం మీదకు వచ్చినప్పుడు వైద్యం ముందు, ఫార్మాలిటీలు తర్వాత అని సుప్రీంకోర్టు 1989లోనే పర్మానంద్ కటారా కేసులో చెప్పింది. విజిటింగ్ పాసు నియమం చూడటానికి వచ్చే బంధువులకే. రోగిని మోసుకొచ్చిన వాళ్ళను ఆ పేరుతో గేటు దగ్గర నిలబెట్టకూడదు.

తనిఖీకి ఒప్పుకోండి, గుర్తింపు కార్డు మాత్రం వదలకండి

2019 నవంబర్ 4న అబ్దుల్లాపూర్‌మెట్ తహసీల్దార్ విజయారెడ్డి గారి మీద ఆమె ఆఫీసు గదిలోనే పెట్రోల్ పోసి నిప్పంటించారు. ఆమె చనిపోయారు, కాపాడబోయిన డ్రైవరూ చనిపోయారు. సమస్య తీరడం లేదని కలెక్టరేట్‌కు పురుగుమందు డబ్బాతో వచ్చిన రైతుల వార్తలు కూడా మనం చదువుతూనే ఉన్నాం. అందుకే గ్రీవెన్స్ రోజున గేటు దగ్గర బ్యాగు తెరిపిస్తారు, నీళ్ళ సీసా మూత తీసి వాసన చూస్తారు, కొన్నిచోట్ల ఒక గుక్క తాగి చూపించమంటారు. ఇది అవమానం అనుకోకండి. లోపలున్న ఉద్యోగుల ప్రాణం కోసం, ఒక్కోసారి వచ్చిన మనిషి ప్రాణం కోసం కూడా చేస్తున్న పని అది. కాగితాలు ఒక పారదర్శక కవర్లో పెట్టుకుని, సీసా లేకుండా వెళ్తే రెండు నిమిషాల్లో అయిపోతుంది.

ఆడవాళ్ళను తనిఖీ చేయాల్సింది ఆడవాళ్ళే. గేటు దగ్గర మహిళా సిబ్బంది లేకపోతే "లోపలి నుంచి ఎవరైనా మేడంను పిలవండి, అప్పటిదాకా ఆగుతాను" అనండి. మగ గార్డు ఒంటి మీద చెయ్యి వేయడానికి వీల్లేదు.

గుర్తింపు కార్డు అడిగితే చూపించండి, నంబరు రాసుకోనివ్వండి. ఒరిజినల్ ఆధార్ గేటు దగ్గర వదిలి వెళ్ళమంటే మాత్రం ఒప్పుకోవద్దనే నా సలహా. ఓటరు కార్డో, డ్రైవింగ్ లైసెన్సో చూపించండి. ఆధారే కావాలంటే చివరి నాలుగు అంకెలు మాత్రమే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ప్రింటు ఇవ్వండి, ఆధార్ ఇచ్చే సంస్థ యూఐడీఏఐ సైటులో ఉచితంగా వస్తుంది.

ఆపినప్పుడు ఏం మాట్లాడాలి

అన్నిటికన్నా ముఖ్యమైన అడుగు ఇదే. గొంతు తగ్గించండి. రెండడుగులు వెనక్కి నిలబడండి. ఎదుటి మనిషి కూడా తక్కువ జీతానికి పొద్దున్నుంచి నిలబడి ఉన్నవాడే, మీలాంటి వందమందికి జవాబు చెప్తున్నవాడే. కోపం చూపించాల్సింది అతని మీద కాదు.

భూమి రికార్డులో పేరు మార్పు, అంటే మ్యుటేషన్, పని మీద వెళ్ళారనుకోండి. మాటలు ఇలా సాగితే బాగుంటుంది.

"అన్నా, తహసీల్దార్ గారిని కలవాలి. మ్యుటేషన్ దరఖాస్తు గురించి. ఇదిగో నంబరు."

"సార్ మీటింగ్‌లో ఉన్నారు. రేపు రా."

"సరే అన్నా. ఎన్ని గంటలకు అయిపోతుంది? అప్పటిదాకా ఇక్కడే కూర్చుంటా."

"ఎవ్వర్నీ పంపొద్దన్నారు."

"ఎవరన్నారన్నా? సారా, డిప్యూటీ తహసీల్దార్ గారా? పేరు చెప్తే కాగితం మీద రాసుకుంటా. నీ మీద కంప్లైంట్ కాదు, ఆర్డర్ ఎవరిదో తెలియాలి కదా."

ఈ చివరి మాట దగ్గర చాలాసార్లు విషయం మారుతుంది. తన పేరు మీద పడుతుందేమో అన్న భయం పోయాక గార్డు లోపలికి వెళ్ళి అడిగి వస్తాడు. రాకపోతే తర్వాతి మాట: "సారును కలవకపోయినా పర్వాలేదు, తపాల్‌లో ఈ అర్జీ ఇచ్చి వెళ్తాను." అర్జీ తీసుకోవడానికి కూడా లోపలికి రానివ్వని ఆఫీసు చాలా అరుదు. లోపలికి అడుగు పెట్టాక అక్కడి సీనియర్ అసిస్టెంట్‌నో, కలెక్టరేట్‌లో అయితే ఏఓ (పరిపాలనాధికారి) గారినో కలిసి గేటు దగ్గర జరిగింది చెప్పొచ్చు.

వీడియో తీయొచ్చా? జనం తిరిగే చోట ఫోన్ తీయకూడదని అన్ని ఆఫీసులకూ వర్తించే చట్టం ఏదీ లేదు. అధికార రహస్యాల చట్టం కింద పోలీస్ స్టేషన్ కూడా నిషిద్ధ ప్రదేశం కాదని బాంబే హైకోర్టు నాగపూర్ బెంచ్ 2022లో చెప్పింది. కోర్టు హాల్లో, రక్షణ సంస్థల్లో మాత్రం తీయకండి. మామూలు ఆఫీసులోనైనా ఫోన్‌ను ముఖం మీద పెట్టి తీస్తే గార్డుకు టెన్షన్ పెరిగి మాట అక్కడితో తెగిపోతుంది. నన్నడిగితే వీడియో కన్నా అక్కడే నిలబడి రాసుకున్న నాలుగు వాక్యాలకు బలం ఎక్కువ: సమయం, బ్యాడ్జి మీద పేరు, అన్న మాట, పక్కనున్న సాక్షి ఫోన్ నంబరు.

దాటకూడని గీత

గేటు నెట్టుకుని వెళ్ళకండి. గార్డు చెయ్యి విదిలించినా సరే, ముందు మీ చేతులు వెనక్కి పెట్టుకోండి.

పాత ఐపీసీ స్థానంలో 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో ప్రభుత్వ ఉద్యోగి విధులకు ఆటంకం కలిగిస్తే 221వ సెక్షన్ ఉంది: 3 నెలల వరకు జైలు, లేదా 2,500 వరకు జరిమానా, లేదా రెండూ. అదే ఉద్యోగి మీద చెయ్యి చేసుకుంటే 132వ సెక్షన్: 2 సంవత్సరాల వరకు జైలు, పైగా స్టేషన్ బెయిల్ దొరకని కేసు. ఎస్పీఎఫ్, పోలీసు సిబ్బందితో జాగ్రత్త అని పైన చెప్పింది ఇందుకే. బెదిరించాలనో, ఇబ్బంది పెట్టాలనో లోపలికి చొరబడినా, వెళ్ళమన్నాక అదే ఉద్దేశంతో అక్కడే ఉండిపోయినా 329వ సెక్షన్ కింద అక్రమ ప్రవేశం అవుతుంది. ఈ సెక్షన్లకు ఆయువుపట్టు ఉద్దేశం. పని మీద వచ్చి, మర్యాదగా అడిగి, వెళ్ళమంటే గేటు అవతలకు వచ్చి నిలబడ్డ మనిషి మీద ఇవి నిలబడవు.

"144 ఉంది, గుంపుగా రాకూడదు" అంటే అది ఇప్పుడు సురక్షా సంహితలో 163వ సెక్షన్. ఆ ఉత్తర్వు రాతపూర్వకంగా ఉండాలి, మామూలుగా 2 నెలలకు మించి ఉండదు. ఎన్నికల నామినేషన్లప్పుడు రిటర్నింగ్ అధికారి ఆఫీసు దగ్గర ఇలాంటి కట్టడి తప్పనిసరిగా ఉంటుంది. ఊరంతా కలిసి వస్తే నలుగురైదుగురిని మాట్లాడటానికి ఎంచుకుని, మిగతావాళ్ళు బయట కూర్చోండి.

ఆ రోజే కాగితం పెట్టండి

ఇంటికి వెళ్ళాక రాద్దాంలే అనుకోకండి. ఆఫీసు ఎదురుగా ఉన్న జిరాక్స్ షాపులో కూర్చుని రాయండి. ఇలా రాస్తే చాలు.

"గౌరవనీయులైన తహసీల్దార్ గారికి, నేను ఫలానా గ్రామ నివాసిని. మ్యుటేషన్ దరఖాస్తు నంబరు ఫలానా గురించి మిమ్మల్ని కలవడానికి ఈ రోజు ఉదయం 11.20కి మీ కార్యాలయానికి వచ్చాను. గేటు వద్ద విధుల్లో ఉన్న సెక్యూరిటీ సిబ్బంది నన్ను లోపలికి అనుమతించలేదు. కారణం అడిగితే 'ఎవ్వర్నీ పంపొద్దన్నారు' అని చెప్పారు. ఎవరి ఆదేశమో చెప్పలేదు. దయచేసి నన్ను ఏ ఉత్తర్వు ప్రకారం ఆపారో దాని ప్రతి ఇప్పించగలరు. మిమ్మల్ని కలవడానికి తేదీ, సమయం తెలియజేయగలరు. ఈ రోజు 11 నుంచి 12 గంటల వరకు గేటు వద్ద సీసీ కెమెరా రికార్డింగు చెరిగిపోకుండా భద్రపరచగలరు."

సీసీ కెమెరా వాక్యం మర్చిపోకండి. పాత రికార్డింగు మీద కొత్తది ఎక్కుతూ పోతుంది కాబట్టి నెల తర్వాత అడిగితే ఏమీ మిగలకపోవచ్చు.

రెండు కాపీలు తీయండి. తపాల్ సెక్షన్‌లో ఒకటి ఇచ్చి, రెండోదాని మీద స్టాంపు, సంతకం, ఇన్‌వర్డ్ నంబరు వేయించుకోండి. లోపలికే పోనివ్వకపోతే అదే రోజు స్పీడ్ పోస్టు చేసి రశీదు దాచుకోండి. 2025లో రిజిస్టర్డ్ పోస్టు కూడా స్పీడ్ పోస్టులోనే కలిసిపోయింది. కవరు చేరిందో లేదో ఆన్‌లైన్‌లో చూసి, డెలివరీ అయిన పేజీ ప్రింటు తీసుకోండి.

జవాబు రాకపోతే వచ్చే సోమవారం కలెక్టరేట్‌కు వెళ్ళండి. ఆ రోజు జరిగే గ్రీవెన్స్‌కు తెలంగాణలో ప్రజావాణి, ఆంధ్రప్రదేశ్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదిక అని పేరు. అక్కడ అసలు సమస్య ఒక అర్జీగా, గేటు దగ్గర ఆపిన విషయం ఇంకో అర్జీగా ఇవ్వండి. రెండూ కలిపి రాస్తే అసలు పనికి మాత్రమే జవాబు వచ్చి రెండోదాని ఊసే లేకుండా పోతుంది. ఆంధ్రలో 1100కు ఫోన్ చేసి కూడా నమోదు చేయించవచ్చు. హైదరాబాద్ దగ్గర్లో ఉన్నవాళ్ళకు బేగంపేట ప్రజాభవన్‌లో మంగళ, శుక్రవారాల్లో రాష్ట్రస్థాయి ప్రజావాణి జరుగుతుంది. ఒకప్పుడు ప్రగతి భవన్‌గా ఉన్న ఆ భవనం ముందు ఇనుప కంచెలు 2023 డిసెంబర్ 7న తీసేశారు.

సమాచార హక్కు దరఖాస్తు

గేటు వ్యవహారాలకు ఇంత బాగా పనిచేసే ఆయుధం ఇంకోటి లేదు. ఆ ఆఫీసు పౌర సమాచార అధికారికి రాయండి. ఎందుకు అడుగుతున్నారో కారణం చెప్పనక్కర్లేదు. మన రెండు రాష్ట్రాల్లో గ్రామస్థాయి ఆఫీసుకు ఫీజు లేదు, మండలస్థాయికి 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. దారిద్ర్యరేఖ దిగువన ఉన్నవాళ్ళకు ఎక్కడా ఫీజు లేదు. ఇవి అడగండి: సందర్శకుల ప్రవేశం గురించి ఆఫీసు జారీ చేసిన ఉత్తర్వుల ప్రతి, సెక్యూరిటీ ఏజెన్సీ పేరు, లైసెన్సు నంబరు, కాంట్రాక్టులో గార్డుల విధులు రాసిన పేజీ, ఫలానా తేదీన మీ పేరు ఉన్న సందర్శకుల రిజిస్టర్ పేజీ, ఆ రోజు అధికారి సందర్శకుల సమయం.

30 రోజుల్లో జవాబు రావాలి. రాకపోతే, వచ్చింది సరిగా లేకపోతే 30 రోజుల లోపు మొదటి అప్పీలు, దాని తర్వాత 90 రోజుల లోపు సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. దరఖాస్తే తీసుకోకపోతే 18వ సెక్షన్ కింద నేరుగా కమిషన్‌కు ఫిర్యాదు చేయొచ్చు. "అటువంటి ఉత్తర్వు ఏదీ లేదు" అని సంతకంతో జవాబు వచ్చిందంటే, మిమ్మల్ని ఆపడానికి ఆధారం లేదని ఆఫీసే ఒప్పుకున్నట్టు. దాని నాలుగు కాపీలు తీసి దగ్గర పెట్టుకోండి.

చెయ్యి చేసుకుంటే, నిర్బంధిస్తే

ఇది అర్జీలతో పోయే సంగతి కాదు. కొట్టినా, తోసినా ముందు ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్ళి దెబ్బలు రాయించుకోండి, తర్వాత స్టేషన్. వెళ్ళే హక్కు ఉన్న దారిలో అడ్డుకుంటే న్యాయ సంహిత 126వ సెక్షన్, గదిలో పెట్టి కదలనివ్వకపోతే 127వ సెక్షన్. రెండోదానికి ఏడాది వరకు శిక్ష ఉంది. స్టేషన్‌లో ఫిర్యాదు తీసుకోకపోతే ఎస్పీకి, కమిషనరేట్ పరిధిలో అయితే పోలీస్ కమిషనర్‌కు పోస్టులో పంపండి. అక్కడా కదలకపోతే మేజిస్ట్రేట్ దగ్గరకు వెళ్ళొచ్చు. ప్రైవేటు గార్డు అయితే ఏజెన్సీ లైసెన్సు చూసే కంట్రోలింగ్ అథారిటీకి కూడా ఒక కాపీ పంపండి, అది హోంశాఖ స్థాయిలో ఉంటుంది. లైసెన్సు మీదకు వస్తుందంటే ఏజెన్సీ వెంటనే కదులుతుంది.

కులం పేరు పెట్టి ఆపితే, ఆపిన మనిషి ఎస్సీ ఎస్టీ కాని వాడైతే, బాధితులు 1989 ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద ఫిర్యాదు చేయొచ్చు. బహిరంగ ప్రదేశంలోకి రానివ్వకపోవడం ఆ చట్టంలో నేరాల జాబితాలోనే ఉంది. అన్న మాటలు అన్నట్టుగా రాయండి, మర్యాద కోసం మార్చకండి. చక్రాల కుర్చీలో వచ్చినవాళ్ళను "మెట్లున్నాయి, పైకి పంపలేం" అని తిప్పి పంపడం కూడా 2016 దివ్యాంగుల హక్కుల చట్టానికి విరుద్ధం. ర్యాంపు లేకపోతే అధికారిని కిందికి రమ్మని అడగండి. చాలామంది వస్తారు, అడిగేవాళ్ళు లేకే రారు.

"ఇక నువ్వు ఈ ఆఫీసుకు రావద్దు" అంటే

ఎక్కువ ప్రశ్నలు అడిగేవాళ్ళకు, సమాచార హక్కు (ఆర్టీఐ) దరఖాస్తులు వేసేవాళ్ళకు ఈ మాట ఎదురవుతుంది. ఒక రోజు ఆపడం వేరు, ఒక మనిషిని శాశ్వతంగా రానివ్వకపోవడం వేరు. రెండోది గార్డు నోటి మాటతో జరిగే పని కాదు. ఆఫీసు హెడ్ రాతపూర్వకంగా, కారణాలతో, ఎంతకాలమో చెప్తూ ఇవ్వాలి, అంతకు ముందు మీ వివరణ అడగాలి. ప్రభుత్వం ఎవరితోనూ ఇష్టం వచ్చినట్టు వ్యవహరించకూడదన్నది రాజ్యాంగం 14వ అధికరణం. అలాంటి ఉత్తర్వు ఇస్తే, లేదా ఉత్తర్వు లేకుండానే ప్రతిసారీ ఆపుతుంటే హైకోర్టులో రాజ్యాంగం 226వ అధికరణం కింద రిట్ పిటిషన్ వేయొచ్చు. అప్పుడు స్టాంపు వేసిన అర్జీ కాపీ, స్పీడ్ పోస్టు రశీదు, ఆర్టీఐ జవాబు మీ లాయర్ చేతిలో ఉండాలి.

లాయర్‌కు డబ్బులెక్కడివి అంటారా? 15100కు ఫోన్ చేయండి, న్యాయసేవల హెల్ప్‌లైన్ అది. మహిళలు, ఎస్సీ ఎస్టీలు, దివ్యాంగులు లాంటి కొన్ని వర్గాలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయర్‌ను ఇస్తారు. మిగతావాళ్ళకు ఆదాయ పరిమితి ఉంటుంది. జిల్లా కోర్టు ఆవరణలోనే జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఆఫీసు ఉంటుంది. ఆధార్ కాపీ, మీ దగ్గరున్న కాగితాలన్నిటి జిరాక్స్ ఒక సెట్టు పట్టుకుని వెళ్ళండి.